ఫిలిప్పీన్స్ దీవులకు జంటగ పోవాలంటే: అందరు మమ్మల్ని అడుగుతున్న ప్రశ్నలు

మేడారం జాతర అయినంక వారానికి నేను, మా ఆయన ఫిలిప్పీన్స్ పోయి 13 రోజులు తిరిగొచ్చినం. వచ్చిన కాన్నుంచి హన్మకొండల ఎవ్వలు కలిసినా ఒకటే ముచ్చట, వీసా ఎట్ల, పైసలెన్ని, బోట్ల భయం కాలేదా అని. పెండ్లిల బంతి మీద కూసున్నా గదే. చెప్పి చెప్పి నోరు నొస్తుంది కాబట్టి అన్నీ ఒక్కకాడ రాసి పెడ్తున్న, ఇగ ఎవలడిగినా ఇదే పంపుత.

ఇన్ని దేశాలుండంగ ఫిలిప్పీన్సే ఎందుకు పోయిన్రు?

నిజం చెప్పాలంటే వీసా లేదని. 2025 జూన్ నుంచి మనోళ్లకు వీసా లేకుండనే రానిస్తున్నరు. ఇంకోటి, మా గల్లీల ఒక పిల్లగాడు అక్కడ దవావో అనే ఊర్ల డాక్టర్ చదువు చదువుతుండు, సెలవులకు వచ్చినప్పుడల్లా ఫోన్ల సముద్రం ఫోటోలు చూపెట్టి చూపెట్టి మా ఆయనకు ఆశ పుట్టిచ్చిండు. ఆ దేశంల మొత్తం 7,641 దీవులట. మనకు దీవి అంటే లక్నవరం చెరువు నడిమిట్ల ఉండేటియే, అవి కూడ వేలాడే బ్రిడ్జి మీద నడుసుకుంట పోవచ్చు. అక్కడ అట్ల కాదు, ఒక దీవి నుంచి ఇంకో దీవికి పోవాలంటే ఓ పూట సముద్రంల గడువాల్సిందే.

వీసా అస్సలుకే వద్దా? ఎయిర్‌పోర్ట్‌ల ఆపరా?

టూరిస్టుగ 14 రోజుల దాక వద్దు. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, సింగపూర్, యూకే, యూరప్ దేశాల షెంగెన్, వీటిల ఏ వీసా చేతిల ఉన్నా 30 రోజులు ఇస్తరు. పాస్‌పోర్ట్‌కు ఆరు నెలల గడువు ఉండాలె, రిటర్న్ టికెట్ ఉండాలె, హోటల్ బుకింగ్ ఉండాలె, ఖర్చులకు పైసలున్నయని చూపెట్టనీకి బ్యాంక్ స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకోవాలె. ఒక్క సంగతి మంచిగ గుర్తు పెట్టుకోండి, ఈ 14 రోజులను అక్కడికి పోయినంక పెంచుకునుడు కుదరదు, వేరే వీసాకు మార్చుకునుడు కుదరదు. అందుకే లెక్క గట్టిగ 14కే పెట్టుకోకుండా ఒకటి రెండు రోజులు తక్కువ పెట్టుకోండి, ఎందుకో కింద చెప్త.

మమ్మల్ని శంషాబాద్‌లనే ఎక్కువ అడిగిన్రు. బోర్డింగ్ పాస్ ఇచ్చే పిల్ల రిటర్న్ టికెట్ రెండుసార్లు చూసింది. మనీలాల మూడు నిమిషాలు కూడ పట్టలే.

ఈట్రావెల్ అంటే ఏంది?

దిగే ముందు 72 గంటల లోపల ఆన్‌లైన్ల నింపే ఫారం. నింపినంక క్యూఆర్ కోడ్ వస్తది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇది పూర్తిగ ఫ్రీ. ఎక్కడన్న పైసలడిగితే అది దొంగ వెబ్‌సైట్, వెంటనే బయటికి రండి. మా ఆయన మొదలు గట్లాంటి దాంట్లనే సగం నింపిండు, కార్డ్ నంబర్ అడిగేసరికి నాకు డౌటొచ్చి ఫోన్ గుంజుకున్న.

హైదరాబాద్ నుంచి ఎట్ల పోవాలె?

డైరెక్ట్ లేదు. కౌలాలంపూర్, సింగపూర్, బ్యాంకాక్ ఏదో ఒకటి పట్టుకొని మారాలె, మేం కౌలాలంపూర్ మీదికెళ్లి పోయినం. ఢిల్లీ నుంచి మనీలాకు ఎయిర్ ఇండియా 2025 అక్టోబర్‌ల డైరెక్ట్ మొదలుపెట్టింది గని వరంగల్ నుంచి ఢిల్లీ పోయి అక్కడ ఎక్కుడు నాకు సుట్టు తిరుగుడే అనిపించింది. రెండు ఫ్లైట్లు ఒకటే టికెట్ మీద ఉండేటట్టు చూస్కోండి, విడివిడిగ కొంటే మొదటిది లేటయినప్పుడు రెండోది పోతే మనల్ని పట్టించుకునేటోడు ఉండడు. మనీలా టైం మనకంటే రెండున్నర గంటలు ముందు.

మనీలా ఎయిర్‌పోర్ట్‌ల టెర్మినళ్లు వేరువేరు దిక్కుల ఉంటయి, ఒకదాని నుంచి ఇంకోదానికి పోవాలంటే రోడ్డెక్కాలె, ఆ ట్రాఫిక్ చూస్తే మన చౌరస్తా నయం. అందుకే ఆ రాత్రి అక్కడనే పండుకొని పొద్దుగాల లోకల్ ఫ్లైట్ ఎక్కినం.

అన్ని రోజులల్ల ఎన్ని దీవులు తిరగొచ్చు?

మూడు. గంతే. మేం మొదలు మాట్లాడుకున్న ఏజెంట్ తొమ్మిది రోజులల్ల ఐదు దీవులు రాసిచ్చిండు, పలవాన్, కొరోన్, బొరకాయ్, సెబు, బొహోల్, కాగితం మీద చూస్తే మస్తు కనబడ్డది, మా ఆయన అడ్వాన్స్ కొడ్త అన్నడు. నేను కూసొని ఒక్కో రోజు ఎన్ని గంటలు వ్యాన్ల, ఎన్ని గంటలు బోట్ల, ఎన్ని గంటలు ఎయిర్‌పోర్ట్‌ల అని నోట్‌బుక్‌ల రాసిన. తొమ్మిది రోజులల్ల మేం నీళ్లల్ల దిగేది మూడు రోజులే, మిగిలినయన్ని బ్యాగులు మోసుడే. ఇగ ఏజెంట్‌ను ఒద్దనుకొని మేమే బుక్ చేసుకున్నం.

మ్యాప్‌ల చూస్తే ఇంతే కదా అనిపిస్తది. కాజీపేట నుంచి హన్మకొండ లెక్క కనబడ్తది. గని నడిమిట్ల సముద్రం ఉంది, సముద్రం మన టైంటేబుల్ చదువదు.

మీ రూట్ చెప్పు వదినా, గట్లనే కాపీ కొడ్తం.

మనీలాల ఒక రాత్రి. పొద్దుగాల ఫ్లైట్ల పలవాన్ దీవిల ఉన్న ప్యుర్తో ప్రిన్సెసా, అక్కడి నుంచి అదే దీవి మీద వ్యాన్ల ఐదారు గంటలు ఎల్ నిడో. అక్కడి నుంచి ఫెర్రీల నాలుగు గంటలు కొరోన్. కొరోన్ నుంచి ఫ్లైట్ల సెబు, సెబు నుంచి రెండు గంటల ఫెర్రీల బొహోల్. మళ్ల సెబు, మనీలా, ఇల్లు. ఎల్ నిడోకు చిన్న ఎయిర్‌పోర్ట్ ఉంది గని టికెట్ రేటు చూసి వ్యాన్ ఎక్కినం, ఆ ఘాట్ రోడ్డు మలుపులల్ల నాకు రేటు తక్కువనే అనిపించింది, ఎక్కాల్సింది.

సెబు విమానాశ్రయం మాక్టన్ అనే దీవి మీద ఉంటది. స్కూల్ల చదువుకున్నం కదా, పడమర దిక్కు నుంచి మసాలా దీవులకు తొవ్వ వెతుకుదామని బయలెల్లిన మెజిలాన్, ఆయనను 1521ల చంపింది ఈ మాక్టన్ కాడనే. ఆయనను ఎదిరించిన రాజు లాపు లాపు పేరే ఇప్పుడు అక్కడి ఊరికి.

ఏ నెలల పోతే మంచిది?

డిసెంబర్ నుంచి మే దాక ఎండలు, జూన్ నుంచి నవంబర్ దాక వానలు తుఫాన్లు. వాళ్లు ఈశాన్యం గాలిని అమిహాన్ అంటరు, నైరుతి గాలిని హబగాత్ అంటరు, మనకు కార్తెలెట్లనో వాళ్లకు ఈ రెండు గాలులు అట్ల. ఏప్రిల్, మేల నీళ్లు అద్దం లెక్క ఉంటయట గని ఎండ మన ఓరుగల్లు ఎండనే. గుడ్ ఫ్రైడే వారం మాత్రం పోకండి, వాళ్లు ఎక్కువ మంది క్యాథలిక్కులు, దేశం మొత్తం ఊర్లకు పోతది, బోట్లల్ల జాగా దొరకదు.

కాలం మంచిదైనా పూచీ ఏం లేదు. 2021ల ఒడెట్ అనే పెద్ద తుఫాన్ వచ్చింది డిసెంబర్‌లనే. మేం పోయింది ఫిబ్రవరి, ఎండ కాసింది, అయినా గాలి లేసింది.

బోట్ క్యాన్సిలయితే ఏం చెయ్యాలె?

ఇది మాకు అయిన కథ. ఎల్ నిడోల నాలుగు రాత్రులు అయిపోయినయి, ఐదో పొద్దున ఐదు గంటలకు బ్యాగులు సర్దుకొని రేవుకు పోయినం. అక్కడ కోస్ట్ గార్డ్ ఆఫీస్ ముందట జనం గుంపుగ నిలవడి ఉన్నరు, గాలి బాగ ఉందని ఫెర్రీ బంద్. ఎండ పెళ్లున కాస్తుంది, రేవు లోపల నీళ్లు నిమ్మళంగ ఉన్నయి, మా ఆయన "గింత మంచిగుంటే ఎందుకు ఆపిన్రు" అని ఒకటే గులుగుడు. పక్కన ఒక ముసలాయన చెయ్యి లేపి దూరంగ దీవుల అవతల చూపెట్టిండు. అక్కడ నీళ్ల మీద తెల్లగ నురుగు గీతలు గీతలు కనబడ్తున్నయి. అవతలి సముద్రం అది, ఇవతల కొండలు అడ్డమున్నయి కాబట్టి మనకు తెలుస్తలేదు.

ఆ రోజు పోలే. తెల్లారి కూడ పోలే. చిన్న బోట్ల టూర్లు కూడ బంద్ పెట్టిన్రు. కొరోన్‌ల మూడు రాత్రులు బుక్ చేసుకుంటే రెండు రాత్రుల పైసలు మునిగినయి, వాళ్లు తిరిగియ్యం అన్నరు, ఫెర్రీ టికెట్ మాత్రం తెల్లారికి మార్చిన్రు.

రెండు రోజులు ఏం చేసిన్రు అంటే, మేమున్న లాడ్జి ఓనరమ్మ ఒకామె ఉండె, మా అత్తమ్మ వయసు. మేం మొకాలు వేలాడేసుకొని వరండాల కూసుంటే లోపలికెళ్లి ఒక పొడుగు చెక్క తెచ్చి ముందట పెట్టింది, పడవ లెక్క చెక్కింది, ఈ దిక్కు ఏడు గుంటలు ఆ దిక్కు ఏడు గుంటలు, రెండు కొసలకు రెండు పెద్ద గుంటలు, గుంటల నిండ గవ్వలు. నేను చూసి ఎగిరి గంతేసిన. మన వామనగుంటలు! మా అమ్మమ్మ ఓనగుంటలు అనేది. వాళ్లు సుంకా అంటరు. మనం చింతగింజలు పోస్తం, వాళ్లు గవ్వలు పోస్తరు, గుంటకు ఏడేసి. చివర్ల పెద్ద గుంట ఎవరి ఇల్లు వాళ్లది, పంచుకుంట పోయేటప్పుడు మన ఇంట్ల ఒకటి ఏసుకోవాలె, ఎదుటోళ్ల ఇల్లు వస్తే దాటి పోవాలె, మనకు ఆ పద్ధతి లేదు. ఆమెకు నా ఇంగ్లిష్ సగమే అర్థమైతది, నాకు ఆమె మాట సగమే, ఆటకు మాటలెందుకు. మొదటి రోజు ఆమె చేతుల చిత్తుగ ఓడిన, రెండో రోజు మూడు ఆటలల్ల ఒకటి గెలిచిన. మా ఆయన ఒక్కటి గెలవలే, పొద్దుమూకి దాక రేవుకు పోయొచ్చుడే ఆయన పని.

పనికొచ్చే మాట: ఫెర్రీ దిగిన రోజే ఫ్లైట్ పెట్టుకోకండి. తిరుగు ప్రయాణం ఇంటర్నేషనల్ ఫ్లైట్‌కు ముందు ఒక రోజు ఖాళీగ ఉంచండి. హోటళ్లు కొంచెం పైసలెక్కువైనా క్యాన్సిల్ చేస్తే తిరిగిచ్చేటియి బుక్ చేయండి, మేం ఆ వెయ్యి రెండువేలు మిగిలించుకుందామని పోయి పదివేలు పోగొట్టుకున్నం.

మాకు ఈత రాదు, పోవచ్చా?

పోవచ్చు. లైఫ్ జాకెట్ బోట్ ఎక్కంగనే ఇస్తరు, ఏసుకోందే కదిలియ్యరు. నాకు ఈత రాదు, జాకెట్ ఏసుకొని నీళ్ల మీద తేలుకుంట మొకానికి అద్దం పెట్టుకొని కిందికి చూసిన, పసుపు చేపలు, నీలం చేపలు, మన పెండ్లి మండపం లైట్ల లెక్క.

అసలు సమస్య ఈత వచ్చినోళ్లతోని. మా ఆయన పరకాల దిక్కు పల్లెటూరోడు, చిన్నప్పుడు నడుముకు బెండు కట్టుకొని వ్యవసాయ బాయిల ఈత నేర్చిండు, మెట్ల మీదికెళ్లి దునికేటోడినని ఇప్పటికీ చెప్పుకుంటడు. బాయిల నీళ్లు కదలవు. సముద్రంల అడుగున గుంజుడు ఉంటది, పగడాలు బ్లేడు లెక్క ఉంటయి. జాకెట్ ఇప్పేసి ఒక్క దునుకు దునికి లేసేసరికి మోకాలు చెక్కుకపోయి రక్తం, ఉప్పునీళ్లు తాకి మంట. ఆ తర్వాత ఉన్నన్ని రోజులు నోరు మూసుకొని జాకెట్ ఏసుకున్నడు. కాళ్లకు ఆక్వా షూస్ తప్పకుండ కొనుక్కోండి, ఎల్ నిడోల రాళ్లెక్కువ, ముండ్ల సముద్రపు జీవులు కూడ ఉంటయి.

బోట్ల వాంతులైతయా?

నాకు ఆర్టీసీ బస్సుల ములుగు పోయేసరికే అయితయి. ఎక్కే గంట ముందు అవోమిన్ గోలీ ఏసుకున్న, నిద్రొస్తది గని పని చేస్తది. అక్కడ మందుల షాపుల బోనమైన్ అని అడిగితే ఇస్తరు. కడుపుతోనున్నోళ్లు, బీపీ ఉన్నోళ్లు డాక్టర్‌ను అడగకుండ ఏసుకోవద్దు. టూర్ బోట్లను బంకా అంటరు, రెండు దిక్కుల వెదురు బొంగులు కట్టి ఉంటయి, అయినా ఊగుడు ఊగుతది. నడిమిట్ల కూసోండి, ఫోన్ చూడకండి.

ఎల్ నిడోల టూర్ ఏ, బీ, సీ, డీ అంటరు, ఏది చెయ్యాలె?

రెండు చాలు, ఏ, సీ. నాలుగు చేసినోళ్లను కూడ చూసిన, నాలుగో రోజుకు వాళ్లకు ఏ కొండ ఏ కొండనో యాదికి లేదు.

టూర్ ఏల బిగ్ లగూన్, సీక్రెట్ లగూన్, సెవెన్ కమాండో బీచ్ వస్తయి. సున్నపురాయి కొండలు నీళ్లల్ల నుంచి నిట్టనిలువుగ లేసి ఉంటయి, నడిమిట్ల సన్న సందుల నుంచి లోపలికి పోతే ఆకుపచ్చ మడుగు. బిగ్ లగూన్‌ల కయాక్, అంటే తెడ్డేసే చిన్న పడవ, తీసుకోవాలె, దానికి వేరే పైసలు. జంట కయాక్‌ల ముందట కూసున్నోళ్లు ఒక దిక్కు, ఎనుక కూసున్నోళ్లు ఇంకో దిక్కు తెడ్డేస్తే గుండ్రంగ తిరుగుతది, మా సంసారం మొత్తం ఆ అరగంటల కనబడ్డది. టూర్ సీల హిడెన్ బీచ్, హెలికాప్టర్ ఐలాండ్, అలలు ఇంకా ఎక్కువ. మందితోని కలిసి పోయే టూర్ మనిషికి పన్నెండు, పదిహేను వందల పెసోల దాక, మధ్యాహ్నం బువ్వ అందులనే. పర్యావరణ ఫీజు వేరే కట్టాలె. వాడి పడేసే ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు బోట్లకు రానియ్యరు, ఇంటికాన్నుంచే స్టీల్ బాటిల్ తీసుకపోండి.

కొరోన్‌ల ఒక్క రాత్రే ఉన్నరు కదా, ఏం చూసిన్రు?

మధ్యాహ్నం దిగి, బ్యాగులు పడేసి, కయాంగన్ లేక్ ఒక్కటి చూసినం. కొండెక్కి దిగాలె, నీళ్లు ఎంత తేటగ ఉంటయంటే అడుగున రాళ్లు లెక్కపెట్టొచ్చు. ఆ జాగ తగ్బనువా అనే ఆదివాసులది, వాళ్లే టికెట్ తీసుకుంటరు, వాళ్లకు పవిత్రమైన చెరువులు కొన్ని ఉన్నయి, అటు దిక్కు ఎవ్వలను పోనియ్యరు. మన మేడారం దిక్కు కోయోళ్ల గద్దెల కాడ మనం ఎట్లుంటమో గట్లనే ఉండాలె.

సముద్రం అడుగున జపాన్ ఓడలు ఉంటయి, 1944 సెప్టెంబర్ 24న అమెరికా విమానాలు ముంచినయి, డైవింగ్ వచ్చినోళ్లు వాటి కోసమే పోతరు. మాకు టైం లేకపాయె. మాక్వినిట్ అని ఉప్పునీళ్ల వేడి బుగ్గ ఉంటది, రాత్రి అక్కడ కాళ్లు నానబెట్టుకున్నం.

బొహోల్ చాక్లెట్ హిల్స్ నిజంగ చాక్లెట్ రంగుల ఉంటయా?

ఎండలు ముదిరినంక గడ్డి ఎండి గోధుమ రంగుకొస్తది, అప్పుడు. మేం పోయినప్పుడు పచ్చగనే ఉన్నయి, పెసర్లు కుప్పలు పోసినట్టు. 1,200కు పైన గుట్టలు, అన్నీ ఒకే తీరు గుండ్రంగ. ఒకప్పుడు సముద్రంల ఉన్న సున్నపురాయి పైకి లేసి, వానలకు కరిగి కరిగి గట్లయినయి.

టార్సియర్ అని పిడికెడంత జంతువు ఉంటది, గుడ్లప్పగించి చూస్తది, ఒక్కో కన్ను దాని మెదడంత ఉంటదట. కోరెల్లాల ఉన్న సాంక్చురీకి పోండి, అక్కడ చెట్ల మీద దాని మానాన అది ఉంటది. పొద్దంత పండుకునే జీవం, ఫ్లాష్ కొడితే, గట్టిగ ఒర్రితే బెదిరిపోతది. మాతోని వచ్చిన ఒకామె సెల్ఫీ కోసం ఎంత ఒర్రిందో.

వేల్ షార్క్‌లతోని ఈత కొట్టిన్రా?

లేదు. సెబు దిక్కు ఓస్లోబ్‌ల ఆ పెద్ద సొర చేపలకు రోజూ రొయ్యలసుంటి మేత ఏసి ఒడ్డుకాడికి అలవాటు చేసిన్రు. ఇష్టమొచ్చినప్పుడు వచ్చి పోయేటియి ఇప్పుడు మేత కోసం కావలి కాస్తయి. ఎవరి ఇష్టం వాళ్లది, నాకైతే మనసొప్పలే. మేత వేయకుండ చూడాలంటే దోన్సోల్ అనే ఊరు ఉంది, మా తొవ్వల లేదు.

తిండి ఎట్ల? మేం శాకాహారులం.

శాకాహారులకు కష్టమే, ముందే చెప్తున్న. కూరగాయల కూర అని తెస్తరు, అందుల పంది ముక్కలుంటయి, లేకుంటే చేపల సాస్ పోసి ఉంటది. "నో మీట్, నో ఫిష్ సాస్" అని రెండూ చెప్పాలె. గుడ్డు తినేటోళ్లకు ఫికర్ లేదు.

మాంసం తినేటోళ్లకు పండగ. వాళ్లు కూడ మూడు పూటల బువ్వనే తింటరు, పొద్దుగాల కూడ ఎల్లిగడ్డ ఏసి ఏంచిన బువ్వ. సినిగాంగ్ అని చింతపండు పులుసు, మొదటి గుటకకే మా ఆయన "పచ్చిపులుసు వేడి చేసినట్టుంది" అన్నడు, మిరపకాయ ఉండదు అంతే. కారం అడిగితే చిన్న మిరపకాయలు విడిగ తెచ్చిస్తరు. వాళ్ల బువ్వకు మనకు ఒక సంబంధం ఉంది, ఐఆర్8 వడ్లు యాదున్నయా, మా తాత పండిచ్చేటోడు, ఆ వంగడం వచ్చింది ఫిలిప్పీన్స్‌ల లాస్ బాన్యోస్ నుంచే, 1966ల.

నేను సంక్రాంతి సకినాలు ఒక డబ్బ తీసుకపోయిన. టూర్ బోట్‌ల ఇంజన్ కాడ కూసున్న పిల్లగానికి రెండిచ్చిన, ఒకటి ఎండకు పెట్టి గుండ్రాలు లెక్కపెట్టిండు, ఒకటి కొరికి, రెండోది కాగితంల చుట్టి జేబుల పెట్టుకున్నడు, ఇంటికాడ చిన్నోడున్నడట. ఇంకో నాలుగు చుట్టిచ్చిన. మాంసం పచ్చళ్లు మాత్రం తీసుకపోకండి, కస్టమ్స్‌ల గుంజుకుంటరు.

ఇద్దరికి ఎంతయింది?

మొత్తం రెండున్నర లక్షలకు కొద్దిగ అటిటు, ఫ్లైట్లకే సగం పోయినయి. పెసో అంటే మనకు రూపాయిన్నర చిల్లర. ఫోన్‌పే గీన్‌పే మర్చిపోండి, అక్కడ జీక్యాష్ నడుస్తది, అది వాళ్లకు. దీవులల్ల నోట్లే కావాలె. మన కార్డుతోని ఏటీఎంల తీస్తే ప్రతిసారి సుమారు 250 పెసోలు కోస్తది, అందుకే చిన్నచిన్నగ తీయకుండ ఒకటేసారి తీయండి, అది కూడ మనీలాలనే, ఎల్ నిడో ఏటీఎంలల్ల క్యాష్ అయిపోతది. సిమ్ కొనాలంటే పాస్‌పోర్ట్‌తోని రిజిస్టర్ చెయ్యాలె. ప్లగ్గులు చపట పిన్నులయి, మన గుండ్రటియి అన్నికాడల పట్టవు, అడాప్టర్ పెట్టుకోండి.

లోకల్ ఫ్లైట్లల్ల చేతి బ్యాగు ఏడు కిలోలే, తూకం ఏసి మరీ చూస్తరు. కౌంటర్ ముందట సూట్‌కేస్ ఇప్పి మా ఆయన నా రెండు డ్రెస్సులు తన ఒంటి మీద ఏసుకున్నడు.

బట్టలు ఎట్లాంటియి ఏసుకోవాలె? బికినీలేనా?

మా అత్తమ్మ కూడ గిదే అడిగింది, ఇంకో తీరుగ. బికినీ ఎవ్వలు ఏసుకోమనరు. అక్కడి ఆడోళ్లే సగం మంది నిండు చేతుల రాష్ గార్డ్ అనే ఈత అంగీ, లెగ్గింగ్స్ ఏసుకొని నీళ్లల్ల దిగుతరు, ఎండకు తోలు కాలకుండ. నేను గదే ఏసుకున్న. కాటన్ పంజాబీ డ్రెస్, నైటీ మాత్రం ఒద్దు, నీళ్లు పీల్చి బరువై కాళ్లకు చుట్టుకుంటయి, ప్రమాదం.

బాత్రూంల నీళ్లుంటయా, కాగితమేనా?

ఇది అందరు మెల్లగ చెవుల అడుగుతరు. వాళ్లు కూడ మన లెక్కనే, బకెట్, మగ్గు. మగ్గును తాబో అంటరు. పెద్ద హోటళ్లల్ల కాగితం, చిన్న లాడ్జిలల్ల తాబో.

భాష రాకుంటే?

ఇంగ్లిష్ నడుస్తది, రేవు కాడ సంచులు మోసేటోళ్లు కూడ మాట్లాడ్తరు. అయినా నాలుగు మాటలు నేర్చుకోండి. సలామత్ అంటే థ్యాంక్స్, మగ్కానో అంటే ఎంత. వయసుల పెద్ద మగమనిషిని కుయా అనాలె, అంటే అన్నా. ఆడమనిషిని ఆతె, అంటే అక్కా. మాట చివర పో పెడితే మనం అండీ పెట్టినట్టు. మా ఆయనకు అది మస్తు నచ్చింది, నన్ను కూడ రెండు రోజులు "పో" అన్నడు, అర్థం మన భాషల ఇంకోటైతది కాబట్టి ఆపిచ్చిన.

జీప్నీ అని మన షేర్ ఆటో లెక్క బండి ఉంటది, అది ఎక్కితే పైసలు ముందటోళ్ల చేతికిచ్చి "బయాద్ పో" అంటే చేతులు మారుకుంట డ్రైవర్ కాడికి పోతయి, చిల్లర మళ్ల గట్లనే తిరిగొస్తది. దిగేటప్పుడు "పారా పో". ఆ బండ్లు రెండో ప్రపంచ యుద్ధం అయినంక అమెరికోళ్లు వదిలిపెట్టి పోయిన జీపులతోని మొదలైనయి.

పాపను ఎవలకాడ ఉంచిన్రు?

మా అమ్మకాడ. 13 రోజులల్ల నేను రోజుకు రెండుసార్లు వీడియో కాల్ చేస్తే అది ఒక్కసారి మాట్లాడింది, అది కూడ చేపలు చూపెట్టుమని.

ఇద్దరే పోయిన్రు కదా, కొట్లాట కాలేదా?

కాకుండ ఎట్లుంటది. ఫెర్రీ ఆగిన రెండో రోజు మధ్యాహ్నం పెద్దదే అయింది. నేను సుంకా ఆడుకుంట కూసున్ననని ఆయనకు కోపం, పైసలు పోతుంటే నీకు ఆటనా అని. నేను రేవు కాడ నిలవడితే గాలి తగ్గుతదా అన్న. ఓనరమ్మ మాట అర్థం కాకున్నా సంగతి అర్థమైంది కావచ్చు, లోపలికి పోయి అరటాకుల చుట్టిన తియ్యటి బియ్యం ముద్దలు, సుమాన్ అంటరు, నాలుగు తెచ్చి ఆయన చేతిల పెట్టింది. ఆయన మూడు తిన్నడు.

అక్కడి నుంచి ఏం తెచ్చుకోవచ్చు?

ఎండు మామిడి ముక్కలు. సెబుల ప్యాకెట్లు ప్యాకెట్లు అమ్ముతరు, మన తాండ్ర కంటే మెత్తగ ఉంటయి, పది ప్యాకెట్లు తెస్తే ఇంట్ల రెండు మిగిలినయి, మిగతాయి చుట్టాలకు. గవ్వలు, పగడం ముక్కలు, ఇసుక ఏరుకొని తేకండి, ఎయిర్‌పోర్ట్‌ల పట్టుకుంటరు. దంగిట్ అని ఎండు చేపలు ఉంటయి, నూనెల ఏంచితే మస్తు రుచి, మా ఆయన రెండు కిలోలు కొంటనన్నడు, నా చీర ఉన్న సూట్‌కేస్‌ల అవి ఎక్కుతే నేను దిగుత అన్న. సుంకా చెక్క ఒకటి కొందామని చూసినం, మూడు కిలోలు తూగింది, మనకాడ ఉన్న ఏడు కిలోలల్ల అది పట్టలే. ఇంటికొచ్చినంక అమ్మమ్మ పాత ఓనగుంటల పీట అటక మీదికెళ్లి దించిన, ఒక దిక్కు చెదలు పట్టి ఉంది, వడ్లాయనకు ఇయ్యాలె.